ముత్యాలయ్య వల ముక్క

నెల్లూరు,
19 జనవరి 2025, ఆదివారం.

దుర్గకు సుభాషిణి వదిన రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. మీ అన్నయ్యగారికి బీపీ మాత్ర మార్చారు. కొత్తది వేసుకున్నప్పటి నుంచి మధ్యాహ్నాలు కునుకు పడుతోందని గొణుగుతున్నారు. ఈ సంగతి ఫోనులోనే చెప్పవచ్చు గాని, రొయ్యల షెడ్డులో నిన్ను ఫోను ఎత్తనివ్వరు. ఇంటికి వచ్చాక ఎత్తినా "ఊఁ", "సరే వదినా" తప్ప నీ నోట మాట రాదు. కాగితం మీదైతే నాలుగు మాటలు ఎక్కువ చెబుతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఏడాదిగా మేము కొందరం శనివారాలు మన పాళెం తీరానికి వెళ్ళి, అలలు ఒడ్డున పడేసిన చెత్త ఏరుతున్నాం కదా. గిద్యోను మాస్టారు రిటైరయ్యాక మొదలుపెట్టిన పని ఇది. ఆదివారం ఆయనకు ప్రార్థన ఉంటుంది గనుక శనివారం పెట్టుకున్నాం. మా వీధి ఆడవాళ్ళు, కొందరు కాలేజీ పిల్లలు వస్తారు. సీసాలు ఒక సంచి, చెప్పులు ఒక సంచి, థర్మోకోలు ఒకటి, వలలూ తాళ్ళూ ఒకటి. సంచి సంచీ తూచి రాసే పని నాది. "చెత్తే కదా ఆంటీ, దానికీ లెక్కా?" అని పిల్లలు నవ్వుతారు. లెక్క లేకపోతే పోయిన నెల కంటే తగ్గిందో పెరిగిందో ఎలా తెలుస్తుంది?

నిన్న పడవల రేవుకు ఉత్తరంగా, సరుగుడు తోపు దగ్గర ఇసుకలో సగం పూడిపోయిన వల ఒకటి కనిపించింది. ఐదుగురం పట్టి లాగితే గాని రాలేదు. వలలో తాబేలు ఉంది. చేటంత తాబేలు, చచ్చిపోయి ఉంది. పిల్లలు నవ్వులు ఆపేశారు. మాస్టారు టోపీ తీశారు. గొయ్యి తీసి పూడ్చిపెట్టాం.

తర్వాత వల దులుపుతుంటే దాన్ని నీళ్ళలో తేల్చే బెండ్లు చేతికి తగిలాయి. ఒక్కో బెండు మీద కాల్చిన మేకుతో పెట్టిన మూడు చుక్కలు. దుర్గా, మన పాళెంలో మూడు చుక్కలు ఎవరు పెట్టేవాళ్ళో నీకు చెప్పాలా? ముడులు చూశాను. అన్నీ ఎడమకు తిరిగి ఉన్నాయి. అమ్మ కొట్టీ తిట్టీ తమ్ముడి చేత అన్నం కుడిచేత్తో తినిపించింది గాని, వల మాత్రం వాడు ఎడమచేత్తోనే అల్లాడు.

ఇది మన ముత్యాలయ్య ముక్క, వాడు పోయాక నీకు మిగిలిన ముక్క. ఏడాది కిందటి డిసెంబరు తుఫానులో సముద్రం పట్టుకుపోయిందని నువ్వు చెప్పిన ముక్క.

మాస్టారికి వివరంగా చెప్పాల్సి వచ్చింది. అలివి వల ఒక్కరిది కాదని, ఇంటికొక ముక్క తెచ్చి కలిపి కుడితే పెద్ద వల అవుతుందని, పడవ దాన్ని సముద్రంలో గుండ్రంగా పరిచి వస్తే ఒడ్డున రెండు వైపులా నిలబడి లాగుతారని, ముక్క ఉన్న ఇంటికే చేపల్లో వాటా అని. ముక్క పోయింది గనుకే నీ వాటా పోయింది. ఇంటికి తాళం వేసి సూళ్లూరుపేటలో మీ అమ్మ దగ్గరికి వెళ్ళి, ఐసు గడ్డల మధ్య రొయ్యలు ఒలుస్తున్నావు. ఈ ముక్క మళ్ళీ వలలో చేరితే నీ వాటా నీకు వస్తుంది. నీ ఇల్లు తెరుచుకుంటుంది. ముఖేష్‌కు ఆ ఒడ్డున తండ్రిది అంటూ ఒకటి ఉంటుంది.

ఏరిన చెత్తలోంచి ఎవరూ ఏదీ ఇంటికి తీసుకుపోకూడదని మా నియమం. ఆ నియమం పెట్టిందీ నేనే. నిన్న దాన్ని నేనే తప్పాను. వల మా డాబా మీద ఆరుతోంది. మీ అన్నయ్యగారు ముక్కు మూసుకుని, "ఉద్యోగం చేసి ఇల్లు కట్టుకుంటే, చివరికి చేపల రేవు చేసినావు కదే" అన్నారు. అన్నారే గాని, సాయంత్రం ఆయనే బకెట్లతో నీళ్ళు మోసి ఉప్పు వదిలించారు.

చిరుగులు నేను బాగుచేస్తాను. చిన్నప్పటి పని, చేతులు మరచిపోలేదు. సంతోషంగా జవాబు రాయి.

నీ వదిన,
సుభాషిణి


సూళ్లూరుపేట,
27 జనవరి 2025.

సుభాషిణి వదినకు దుర్గ నమస్కారాలు.

మీ ఉత్తరం గురువారం అందింది. అన్నయ్యను మాత్రలు మానవద్దని చెప్పండి. అమ్మకు రెండో కంటికి ఆపరేషన్ అయింది. పచ్చ గుడ్డ కట్టుకుని వాకిట్లో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను అడుగుల చప్పుడుతో పోల్చుకుంటోంది. మొన్న తపాలా ఆయన్ను నేననుకుని కూర ఏం వండాలని అడిగింది. ఆయన వంకాయ అని చెప్పి వెళ్ళాడట. నేను వచ్చేసరికి తరిగి పెట్టుంది.

షెడ్డులో పని బాగానే ఉంది. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి గాని, ఇంటికొచ్చి వేడినీళ్ళలో పెట్టుకుంటే సర్దుకుంటాయి. ముఖేష్ గూడూరులో ఐటీఐ హాస్టల్లో ఉన్నాడు. వేసవిలో పరీక్షలు. కరెంటు పని చేతికొస్తే ఎక్కడైనా బతుకుతాడని నా ఆశ.

వల గురించి రాశారు. అది పాతబడిన వల, వదినా. ఏడాది పైగా ఉప్పునీళ్ళలో నానింది. దాని మీద మీరు కళ్ళు పాడుచేసుకోవద్దు. మాస్టారుగారి సంచిలోనే వేసేయండి. నాకు ఇక్కడ బాగానే ఉంది.

ఒక్కటి అడుగుతాను, మరోలా అనుకోవద్దు. ఆ తాబేలుకు వల ఎక్కడ చుట్టుకుంది? మెడకా, కాలికా? చాలాసేపు కొట్టుకున్నట్టు ఉందా? మీకు గుర్తుంటేనే రాయండి.

మీ మరదలు,
దుర్గ


నెల్లూరు,
9 ఫిబ్రవరి 2025.

దుర్గకు,

నీ ఉత్తరం మీ అన్నయ్యగారికి చదివి వినిపించాను. తపాలా ఆయన వంకాయ సంగతికి నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. తాబేలు గురించి చదివినప్పుడు మాత్రం, "పాపం, దుర్గది మెత్తని మనసు" అన్నారు. నువ్వు అడిగావు గనుక రాస్తున్నాను. ముందరి కుడి రెక్కకు తాడు చుట్టుకుంది, చర్మం దాకా కోసుకుపోయింది. పైకి వచ్చి గాలి పీల్చుకోలేక పోయి ఉంటుందని మాస్టారు అన్నారు. ఇక దాని గురించి ఆలోచించకు. ఈ నెలలో అలాంటివి చాలా కొట్టుకొస్తాయి. నిన్న ఒక్కరోజే మరో నాలుగు చూశాం.

నన్ను కష్టపెట్టడం ఇష్టం లేక వద్దంటున్నావని తెలుసు. అయినా మొదలుపెట్టాను. వంటయ్యాక డాబా మీద కూర్చుంటున్నాను. పాచి గోకి, ఉప్పు వదిలించి, చిరిగిన కళ్ళన్నీ కొత్త దారంతో అల్లుకుంటూ వస్తున్నాను. తమ్ముడి ముడులు ఎడమకు, నావి కుడికి. దూరం నుంచి చూసినా ఎవరి చెయ్యి ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. వాడు పోయాక వాడితో ఇంతసేపు కూర్చోవడం నాకు ఇదే మొదటిసారి.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని మాట. వల పైతాడు రెండు చివర్లూ చూశాను. తెగిన తాడు పీచు పీచుగా ఉంటుంది. ఇవి తెగినవి కావు, దుర్గా. కోసినవి. నున్నగా, ఏటవాలుగా, కత్తితో కోసినవి. మీ అన్నయ్యగారికి భూతద్దం ఇచ్చి చూపించాను. ఆయనా అదే అన్నారు.

తుఫాను తాడు కొయ్యదు. నీ ముక్క పోయిన చోట ఇప్పుడు ఎవరి ముక్క ఉందో పాళెంలో వాకబు చేశాను. పోలేరయ్య రెండో ముక్క పెట్టాడట. నీ ఇంటికి రావలసిన వాటా వాడింటికి పోతోందన్నమాట. వాడూ నా తోడబుట్టినవాడే. వాడి గురించి ఇలా రాయవలసి వస్తుందని నేను అనుకోలేదు. తుఫాను సందు చూసి అన్న పెళ్ళాం ముక్కను కోసి నీళ్ళపాలు చేశాడా? నీకు ముందే తెలుసా? తెలిసే, మరిది మీద చెప్పలేక ఊరొదిలి పోయావా?

నిజం రాయి. నాకు భయం లేదు.

సుభాషిణి


సూళ్లూరుపేట,
16 ఫిబ్రవరి 2025.

వదినా,

పోలేరయ్యను ఏమీ అనొద్దు. ఎవరు కోశారని ఎవరినీ అడగొద్దు.

ఆ వలను పాళెం చేర్చొద్దు. ముఖేష్‌కు దాని సంగతి చెప్పొద్దు. మీకు దణ్ణం పెడతాను.

ఇంతకంటే రాయలేను. అమ్మకు కట్టు విప్పారు. బాగానే కనిపిస్తోంది.

దుర్గ


నెల్లూరు,
2 మార్చి 2025.

దుర్గకు,

నువ్వు వద్దన్నవన్నీ చేశాను. కోపం వస్తే రానీ. భయపడేవాళ్ళు రాసే ఉత్తరం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అలాంటి ఉత్తరం చదివాక ఊరుకుంటే నేను ముత్యాలయ్యకు అక్కనెలా అవుతాను?

నిన్న శనివారం వలను ఆటోలో సంచుల మీద వేసుకుని వెళ్ళాను. ముఖేష్‌కు ముందే ఫోను చేస్తే గూడూరు నుంచి తెల్లారి బండికే వచ్చేశాడు. పడవ దించడానికి అందరూ చేరి ఉన్నారు. పోలేరయ్య తాళ్ళు సర్దుకుంటున్నాడు. వాడి ముందు వల దించాను.

"ఏందక్కా ఇది?" అన్నాడు.

"నువ్వే చెప్పు."

వాడు వంగి ఒక బెండు తిప్పాడు. మూడు చుక్కలు కనబడగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, నిప్పు తగిలినట్టు. "ఇది యాడ దొరికింది?" అన్నాడు.

"చెత్తలో. నువ్వు కోసి పారేసిన చెత్తలో" అన్నాను. ఊరి పెద్దలు, ఆడవాళ్ళు అందరూ ఉన్నారు. తాడు చివర్లు ఎత్తి అందరికీ చూపించాను. "ఇది తెగిందా, కోసిందా? మీరే చెప్పండి. తోడబుట్టినోడు పోతే, వాడి పెళ్ళాం నోటికాడ కూడు తీసేసినాడు వీడు. వలలో సందు చేసి తన రెండో ముక్క పెట్టుకున్నాడు."

వాడు కాదనలేదు, దుర్గా. ఒక్క మాట కాదనలేదు. మిగతావాళ్ళూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారే గాని నోరు విప్పలేదు. "ఏం రా, నాలిక పోయిందా?" అని అడిగాను. "అట్నే కానీ అక్కా. ముక్క పెట్టమంటే పెడతా" అన్నాడు. తన ముక్క విప్పి తీసి, దీన్ని పెట్టి కుట్టాడు. రెండుసార్లు కుట్టు తప్పి, విప్పి మళ్ళీ కుట్టాడు. తప్పు చేసినవాడికి కుట్టు కుదరదని అనుకున్నాను.

ఇక ముఖేష్ సంగతి విను. "నాన్న వలలో నాన్న చోటు ఖాళీగా ఎందుకు అత్తా? నేనెక్కతా" అని పడవ ఎక్కేశాడు. పోలేరయ్య, "వద్దురా అబ్బయా, చదువుకునే పిలకాయివి" అన్నాడు. నాకు ఇంకా మండింది. "వాటా తినడానికి నువ్వు, చదువుకోడానికి వాడా?" అన్నాను.  పడవ అలల మీదికి లేచినప్పుడు ముఖేష్ వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. అచ్చం తమ్ముడే. నా పక్కనున్న ముసలామె మస్తానమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆనందంతో ఏడుస్తోందనుకున్నాను.

సీజను అయ్యేదాకా ఇక్కడే ఉంటానంటున్నాడు. మీ ఇంటి తాళం తీయించి, ఊడ్చి, పొయ్యి అలికాను. నువ్వు రావడమే తరువాయి.

సుభాషిణి


సూళ్లూరుపేట,
5 మార్చి 2025.

వదినా,

తాడు కోసింది నేను.

ఇది మొదటే రాయాల్సింది. రాస్తే ఎందుకు కోశావని అడుగుతారు. అది చెప్పలేక ఇన్నాళ్ళు ఊరుకున్నాను. ఇప్పుడు పోలేరయ్య నా బదులు నలుగురిలో మాట పడ్డాడు, నా కొడుకు ఆ పడవ ఎక్కాడు. ఇక చెప్పక తప్పదు.

పడవ బోల్తా పడి, తలకు దెబ్బ తగిలి ఆయన పోయాడని మీకు చెప్పారు. పడవ బోల్తా పడలేదు. వల పరుస్తుంటే పైతాడు ఆయన చీలమండకు చుట్టుకుంది. పరుస్తున్నది ఆయన ముక్కే. వల బరువుకు ఆయన నీళ్ళలోకి పోయాడు. పోలేరయ్య చెయ్యి పట్టుకున్నాడు. ఎంతసేపు పట్టుకున్నాడో వాడికే తెలియాలి. తాడు కొయ్యడానికి పడవలో కత్తి లేదు. మన పాళెంలో అలివి వల పడవలో కత్తి పెట్టరని మీకు తెలుసు. పది ఇళ్ళ ముక్కలు కలిసిన వల, కత్తి ఉంటే ఒకరి ముక్క ఒకరు కోశారని గొడవలొస్తాయని పెద్దలు పెట్టిన కట్టు. ఆ కట్టు ప్రకారమే ఆ రోజు కూడా పడవలో కత్తి లేదు.

ఒడ్డున ఉన్నవాళ్ళకు ఏం తెలుస్తుంది? పోలేరయ్య అరుస్తున్నది అలల చప్పుడులో వినబడలేదు. చెయ్యి ఊపితే లాగమంటున్నాడనుకున్నాం. ఆడవాళ్ళం అందరం ఒక తాడు పట్టుకున్నాం. నేనూ పట్టుకున్నాను, వదినా. తాడు బరువుగా వస్తుంటే చేప బాగా పడిందని మస్తానమ్మ ఏదో హాస్యమాడింది. నవ్వాను. నవ్వుకుంటూ లాగాను. వల ఒడ్డుకు వచ్చింది. చేపల మధ్య ఆయన వచ్చాడు.

అత్తమ్మ అప్పుడు మీ ఇంట్లో ఉంది, గుండెకు స్టెంటు వేయించుకుని. ఇది వింటే ఆమె బతకదని, మీకు తెలిస్తే ఆమెకు తెలిసిపోతుందని, పడవ బోల్తా పడిందని చెప్పమన్నారు. తర్వాత అత్తమ్మ పోయింది. అప్పటికి అందరికీ ఆ మాటే అలవాటైపోయింది. ముఖేష్‌కూ అదే చెప్పాం.

ఆయన పోయాక కూడా ఆ ముక్క వలలోనే ఉండేది. దాని వాటా రోజూ వచ్చేది. పోలేరయ్య తన ఇంటికి పోకముందే నా వాకిట్లో బుట్ట పెట్టి పోయేవాడు. ఆ చేప చట్టిలో ఉడుకుతుంటే నాకు ఏమయ్యేదో రాయలేను. వద్దంటే ఎందుకని అడుగుతారు, కారణం చెబితే పాళెం అంతా మళ్ళీ ఆ రోజులోకి పోవాలి. లాగినవాళ్ళందరికీ పిల్లలున్నారు. వాళ్ళూ అన్నం తినాలి.

తుఫాను వస్తోందని వల ఒడ్డున పైకి చేర్చి పెట్టిన మర్నాడు తెల్లవారుజామున వెళ్ళి, చేపలు కోసే కత్తితో నా ముక్క కోసి, అలల్లోకి ఈడ్చేశాను. సముద్రం తీసుకుపోయిందని చెప్పాను. అందరూ నమ్మారు. పోలేరయ్య నమ్మాడో లేదో తెలియదు. ఖాళీలో తన ముక్క పెట్టుకోమని వాడిని అడిగిందీ నేనే. వాడు ఇప్పటికీ నెలకోసారి ఎండుచేపలు మూటగట్టి పంపిస్తాడు. అమ్మ వాటిని ఇరుగుపొరుగుకు పంచుతుంది.

అది మునిగిపోతుందనుకున్నాను. అడుగుకు పోయి ఇసుకలో కలిసిపోతుందనుకున్నాను. మునగలేదు. ఇన్ని నెలలు నీళ్ళలో తిరుగుతూనే ఉంది. తాబేలును పట్టింది. దొరికింది ఒక్కటే. దొరకనివి ఎన్నో. నా బాధ పోవడానికి నేను పారేసిన వల అది.

మీరు ప్రేమతోనే చేశారు. దాని గురించి నాకు అనుమానం లేదు. కానీ నా కొడుకును ఆ చోటి నుంచి దించండి. వాడికి ఇది నా నోటితో చెప్పలేను. ఈ ఉత్తరం ఇవ్వండి.

దుర్గ


నెల్లూరు,
9 మార్చి 2025.

దుర్గా, తల్లీ,

నీ ఉత్తరం శుక్రవారం సాయంత్రం వచ్చింది. చదివి, మడిచి, మళ్ళీ చదివి, మీ అన్నయ్యగారికి ఇచ్చాను. ఆయన చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. 

నిన్న మిగతావాళ్ళ కోసం ఆగకుండా మొదటి బస్సుకే వెళ్ళాను. నేను చేరేసరికి పడవ నీళ్ళ అంచున ఉంది. వల అంతా అందులో చుట్టి పెట్టి ఉంది. "ఆపండి, దించొద్దు!" అని అరుస్తూ ఇసుకలో పరిగెత్తాను.

ముఖేష్ నవ్వాడు. "ఏందత్తా, ఈసారి ఎవుర్ని తిట్టేదానికి వచ్చినావు?"

ఉత్తరం వాడి చేతికిచ్చాను. పడవకు ఆనుకుని నిలబడి చదివాడు. వాడి మొహం చూడలేక నేను సముద్రం వైపు తిరిగాను. చదవడం అయ్యాక పోలేరయ్య దగ్గరికి వెళ్ళి, "చిన్నాయనా, ఇది నిజమేనా?" అన్నాడు.

"ఏముందిరా అందులో?"

"నువ్వు నాన్న చెయ్యి పట్టుకున్నావని ఉండాది."

పోలేరయ్య చేతిలో తాళ్ళు వదిలేసి ఇసుకలో కూర్చున్నాడు. వాడి ముందు నేనూ కూర్చున్నాను. "ఒరే, ఆ రోజు అన్ని మాటలన్నాను. కొయ్యలేదని ఒక్క మాట చెప్పి ఉంటే ఆగిపోయేదాన్ని కదరా" అన్నాను.

 వాడు ఇసుక గీరుతూ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "ఎట్టా చెప్పేది అక్కా? కొయ్యలేదని చెప్పాలంటే, కొయ్యాల్సిన రోజు కూడా కొయ్యలేదని చెప్పాల. పళ్ళతో కొరికినా. తాడు తెగలా. నా చేతిలోంచే పోయినాడు. వదినే కోసుంటాదని నాకు తెలుసు. ఆ యమ్మ చేసింది నేను చెయ్యలేకపోతినే అనుకున్నా. నువ్వు తిడతా ఉంటే, పోనీలే, ఇన్నాళ్ళకు ఎవురో ఒకరు తిట్టినారు అనుకున్నా."

మస్తానమ్మ వచ్చి వాడి వెనక నిలబడింది. "ఆ రోజు హాస్యమాడింది నేను కదమ్మా" అని నాతో అంది. "ఈ నోరు అప్పుట్నించి ఒక్క నవ్వు మాట ఆడలా." నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ముఖేష్ పడవ ఎక్కి వల విప్పడం మొదలుపెట్టాడు. కత్తి లేదు గనుక కుట్లు గోళ్ళతో ఊడదీశాడు. పోలేరయ్య లేచి రెండో వైపు పట్టాడు. నేనూ కూర్చున్నాను. తమ్ముడి ముడులు, నా ముడులు అన్నీ చేతికి తగులుతూ పోయాయి. ఒక్క బెండైనా దాచుకుందామా అని చెయ్యి ఆగిందని నీతో అబద్ధమాడకుండా చెబుతున్నాను. దాచుకోలేదు.

అప్పటికి మాస్టారు, పిల్లలు వచ్చారు. మాస్టారు ఏమీ అడగకుండా సంచి నోరు తెరిచి పట్టుకున్నారు. ముఖేష్ వలను తానే అందులో వేశాడు. వలల కింద కలిపి తూచి, వలల కిందే రాశాను. వేరే పేరు పెట్టలేదు. ఆ సంచులు ఇక సముద్రం వైపు రావు. వాటిని కరిగించే చోటికి ముందే మాట్లాడి పెట్టాం.

ఇంతవరకూ నువ్వు చెప్పినట్టే జరిగింది. ఇక రాయడానికి మొహం చెల్లని మాట ఒకటుంది. వాడు గూడూరు పోనన్నాడు.

ఎంత చెప్పినా వినలేదు. పోలేరయ్య వాడి భుజాలు పట్టి ఊపాడు. "మీ అమ్మ ఒక్కతే ఉండాదిరా. పో. నీ చోట ఇంకొకర్ని ఎక్కించుకుంటా." ముఖేష్ అన్నాడు, "చిన్నాయనా, మొన్న తెలీక ఎక్కినా. ఇప్పుడు తెలిసి ఎక్కుతుండా. నాకు ఈ పని నచ్చింది. పరీక్షలు రాస్తా, రాయనని చెప్పలా. కానీ సముద్రం వద్దని మాత్రం చెప్పలేను." తర్వాత, "నడుముకు కత్తి కట్టుకునే ఎక్కతా" అన్నాడు.

ఊరి పెద్దలు గొణిగారు. కట్టు ఎన్నేళ్ళ నుంచి ఉందో తెలుసా అని, ఎవరి ముక్క తెగితే ఎవరు జవాబుదారీ అని. అప్పుడు పోలేరయ్య మాట్లాడాడు. వాడు అంత గట్టిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. "నా పడవ ఇది. దీంట్లో కత్తి ఉంటాది. తెగిన ముక్క ఎవురిదైనా నేను అల్లిస్తా. మనిషిని అల్లియ్యలేను" అన్నాడు. 

నువ్వు దించమన్నావు. నేను దించలేకపోయాను. నీ కోపం ఎంతైనా పడతాను. వచ్చి వాడిని చెవి పట్టుకుని తీసుకుపోతానంటే నేనూ రెండో చెవి పట్టుకుంటాను. ఏం చేయమంటావో రాయి. ఈసారి నువ్వు రాసిందే చేస్తాను.

సుభాషిణి


సూళ్లూరుపేట,
15 మార్చి 2025.

వదినకు దుర్గ నమస్కారాలు.

మీ ఉత్తరం వచ్చిన రోజే ముఖేష్ ఫోను చేశాడు.  వాడే అడిగాడు. "అమ్మా, నువ్వు కూడా తాడు లాగినావా?" లాగాను అన్నాను. "నీకు తెలీదు కదమ్మా" అన్నాడు. అంతే. ఆ మాట కోసం నేను ఎక్కడెక్కడ వెతికానో వాడికి తెలియదు.

రాత్రంతా ఆలోచించాను. సముద్రానికి పంపకూడదని ఒకసారి, వాడిని పట్టుకుని కూర్చోగలనా అని ఒకసారి. నేను భయపడింది సముద్రానికి కాదేమోనని తెల్లవారేటప్పటికి అనిపించింది. తండ్రి ఎలా పోయాడో తెలియకుండా వాడు ఆ చోట కాలు పెట్టడానికి భయపడ్డాను. ఇప్పుడు వాడికి తెలుసు. తెలిసిన కాలు చూసి అడుగేస్తుంది. అలా అనుకోవడానికి ప్రయత్నం చేస్తున్నాను. రోజూ కుదరడం లేదు.

పరీక్షలు తప్పకూడదని వాడితో ఒట్టు వేయించుకోండి. మీ మాట అయితే వాడికి భయం ఉంటుంది. పోలేరయ్యకు, మూటలు ఇక పంపవద్దని, ఒకసారి మనిషే రావాలని నేను చెప్పినట్టు చెప్పండి. అమ్మ వాడి అడుగుల చప్పుడు మరచిపోయిందట. మస్తానమ్మను నేనే వచ్చి చూస్తాను. ఇంటికి తిరిగి రావడం గురించి ఇప్పుడే అడగొద్దు. వస్తే మీకే ముందు రాస్తాను.

ఈ ఉత్తరంతో ఒక పొట్లం పంపుతున్నాను. కొరియరువాళ్ళు ఇది తీసుకోం అన్నారు. రోజూ రైల్లో నెల్లూరు వచ్చిపోయే మా వీధి పెంచలకృష్ణ అందిస్తాడు. జాగ్రత్తగా విప్పండి, లోపల కత్తి ఉంది. ఇక్కడ కొలిమిలో కొత్తగా చేయించాను. ఉప్పునీళ్ళకు తుప్పు పట్టని ఉక్కు అన్నాడు. ఒక్క దెబ్బకు తాడు తెగాలని, మా ఇంట్లో ఉన్న తాళ్ళన్నీ కోసి చూశాను. తోలు ఒర కుట్టించాను. తడి చేత్తో లాగినా రావాలి, ఊరికే జారిపడకూడదు. అందుకని రెండుసార్లు విప్పించి మళ్ళీ కుట్టించాను. ఎడమచేతికి అందేలా కుట్టించాను. వాడిదీ తండ్రి చెయ్యే.

మీరే దగ్గరుండి వాడి నడుముకు కట్టండి, వదినా. నేను కడితే నా చేతులు వాడిని వదలవు.

మీ దుర్గ